పచ్చళ్లు, పొడులు ఆన్‌లైన్‌లో అమ్మాలంటే: వాట్సాప్, అమెజాన్, సొంత వెబ్‌సైట్‌లలో దేంట్లో ఎంత మిగులుతుంది?

ఇంట్లో పచ్చళ్లు పట్టి అమ్మేవాళ్లు ఆన్‌లైన్‌కు రావాలనుకోగానే అడిగేది ఒకటే: "అమెజాన్‌లో పెట్టాలా, వెబ్‌సైట్ చేయించాలా?" దానికంటే ముందు ఏ సరుకుతో దిగాలో తేల్చుకోవాలి. ఈ వ్యాపారంలో లాభాన్ని తినేసేవి రెండు, కొరియర్ తూకం, నూనె కారడం. చేతిరుచి ఎంత బాగున్నా ఈ రెండింటి దగ్గర దెబ్బతిన్న చిన్న వ్యాపారాలే ఎక్కువ.

అందుకే మా సలహా ముందే చెప్పేస్తాం. మొదటి మూడు నెలలు పొడులు ముందు, పచ్చళ్లు వెనక. అమ్మకం వాట్సాప్‌లో. అమెజాన్, ఫ్లిప్‌కార్ట్‌లలో ఒకటి రెండు రకాలే. ఒకసారి కొన్నవాళ్లు మళ్లీ అడగడం మొదలయ్యాకే సొంత వెబ్‌సైట్.

ఏ సరుకు పంపితే గిట్టుతుంది

కొరియర్ వాళ్లు చాలావరకు అరకిలో మెట్ల లెక్కన చార్జీ వేస్తారు. 500 గ్రాముల మీద ఒక్క గ్రాము దాటినా కిలో చార్జీ పడుతుంది. అరకిలో గోంగూర పచ్చడి తీసుకోండి. పౌచ్, దాని మీద జిప్ కవర్, బబుల్ షీట్, అట్టపెట్టె కలిపితే పార్సిల్ 650 గ్రాములు తూగుతుంది. బిల్లు మాత్రం కిలోకు. అంటే 350 గ్రాముల గాలికి మీరో, కొన్నవాళ్లో డబ్బు కడుతున్నారు.

అదే 250 గ్రాముల పచ్చళ్లు మూడు కలిపి ఒక పెట్టెలో పంపితే సరుకు 750, పౌచ్‌లు, పెట్టె కలిపి ఇంకో 150, మొత్తం 900 గ్రాములు. అదే కిలో చార్జీలో మూడు రకాలు వెళ్లిపోతాయి. కాబట్టి "అరకిలో ఎంత?" అని అడిగినవాళ్లకు ధర చెప్తూనే, మూడు పావుకిలోల పెట్టె ధర కూడా చెప్పండి. కొత్తవాళ్లు మూడు రుచులు చూస్తారు, కొరియర్ ఖర్చు మూడింటి మీదా సర్దుకుంటుంది.

పొడుల సంగతి ఇంకా తేలిక. కందిపొడి, నల్లకారం, కరివేపాకు పొడి, నువ్వుల పొడి కారవు, పగలవు. 200 గ్రాముల ప్యాకెట్లు రెండు, కవర్‌తో సహా 450 గ్రాములకు మించవు, అరకిలో మెట్టులోనే ఆగిపోతాయి. అట్టపెట్టె కూడా అక్కర్లేదు, మందమైన కొరియర్ కవర్ చాలు. ప్యాకింగ్, పంపకం, ఫిర్యాదులు చూసుకోవడం చేతికి అలవాటయ్యేదాకా వీటితో నడపడం క్షేమం.

పెట్టె సైజు దగ్గర ఇంకో మెలిక ఉంది. పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తే వచ్చే కిలోలు అసలు బరువు కంటే ఎక్కువుంటే, ఆ ఎక్కువకే బిల్లు వేస్తారు. 20×15×10 పెట్టె 0.6 కిలో కింద లెక్క. ఇంట్లో ఉంది కదా అని 25×20×15 పెట్టెలో అదే సరుకు పెడితే కిలోన్నర అయిపోతుంది. పాత పెట్టెలు వాడి పది రూపాయలు మిగిల్చి, కొరియర్‌కు యాభై ఎక్కువ కట్టడం ఇక్కడే జరుగుతుంది.

మామిడికాయ, నిమ్మకాయ పచ్చళ్లలో పెద్ద కంపెనీలతో ధర దగ్గర పోటీ పడలేం. వాళ్లకు నూనె, కారం, సీసా అన్నీ టోకున వస్తాయి. వాళ్లు పెద్దగా చేయనివాటిలోనే చిన్నవాళ్లకు చోటుంది: చింతచిగురు పొడి, ఉసిరి తొక్కు, కొరివికారం, నల్లేరు పచ్చడి, కాకరకాయ కారం. ఇవి కావాలనుకునేవాళ్లు తక్కువమందే అయినా, దొరికితే ధర కోసం బేరమాడరు. వెల్లుల్లి లేకుండా చేసివ్వడం, ఉప్పు తగ్గించి పట్టివ్వడం లాంటివి కూడా పెద్ద ఫ్యాక్టరీకి కుదరని పనులే.

వాట్సాప్: కమీషన్ లేదు, చాకిరీ ఉంది

వాట్సాప్ బిజినెస్ యాప్‌కు డబ్బు కట్టక్కర్లేదు. సరుకుల పట్టిక అందులోనే పెట్టుకోవచ్చు, 500 రకాల దాకా పడతాయి. ప్రతి సరుకుకూ ఫొటో, బరువు, ధర, ఎన్నాళ్లు నిల్వ ఉంటుందో రాయండి. ఫొటో ఉదయం కిటికీ పక్క వెలుతురులో, గరిటెతో పచ్చడి పైకి తీస్తూ ముక్క, నూనె కనిపించేలా తీస్తే చాలు. నెట్‌లో దొరికిన ఫొటో పెడితే "ఫొటోలో ఉన్నట్టు లేదు" అన్న మాట తప్పదు.

ఒకే మెసేజ్ అందరికీ విడివిడిగా వెళ్లే బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మందిని పెట్టొచ్చు. కానీ మీ నంబరు వాళ్ల ఫోన్‌లో సేవ్ అయి ఉంటేనే మెసేజ్ అందుతుంది. మెసేజ్ పెట్టినా ఎవరూ పలకడం లేదంటే చాలాసార్లు కారణం ఇదే. ప్రతి పార్సిల్‌లో "ఈ నంబరు సేవ్ చేసుకోండి, కొత్త పచ్చళ్లు పట్టినప్పుడు కబురు పెడతాం" అని చిన్న చీటీ వేయండి. ఒకేసారి వేలమందికి మెసేజ్‌లు పంపిస్తామనే బయటి యాప్‌ల జోలికి వెళ్లొద్దు, నంబరే నిలిపేస్తారు. ఎందుకైనా మంచిది, కొన్నవాళ్ల పేరు, నంబరు, ఏం కొన్నారో విడిగా ఒక పుస్తకంలో రాసుకోండి.

డబ్బు దగ్గర రెండు నియమాలు. యూపీఐ స్క్రీన్‌షాట్ చూసి పార్సిల్ కట్టొద్దు, నకిలీవి తయారుచేయడం నిమిషం పని. బ్యాంకు యాప్‌లో జమ అయిందో లేదో చూశాకే కట్టండి. రెండోది, తినే సరుకుకు క్యాష్ ఆన్ డెలివరీ పెట్టొద్దు. తీసుకోకుండా వెనక్కి పంపిన పచ్చడి పది పన్నెండు రోజులు ఎండలో, వ్యాన్లలో తిరిగి వస్తుంది. దాన్ని ఇంకొకరికి అమ్మలేరు, రానుపోను కొరియర్ చార్జీలూ మీ మీదే పడతాయి.

ఐదు కిలోలు, పది కిలోల పెళ్లి ఆర్డర్లయితే కొరియర్ కంటే ఆర్టీసీ కార్గో చూడండి. ఊళ్లో కౌంటర్‌కు వచ్చి తీసుకునేవాళ్లకు అది చవక.

వాట్సాప్ ఎక్కడ కుంటుపడుతుందంటే, రోజుకు పదిహేను ఇరవై ఆర్డర్లు దాటినప్పుడు. ఒకరి చిరునామాకు ఇంకొకరి సరుకు వెళ్తుంది, పిన్‌కోడ్ అడగడం మరిచిపోతారు, రాత్రి పదకొండింటికి కూడా "నా పార్సిల్ ఎక్కడుంది?" అని అడుగుతారు. ఈ తప్పులు వారానికి రెండు మూడు మొదలయ్యాయంటే వెబ్‌సైట్ గురించి ఆలోచించే వేళ వచ్చినట్టే.

ఖమ్మం నుంచి విజయవాడకు పంపినా జీఎస్టీ కావాలి

తెలుగువాళ్ల వ్యాపారానికి ఇది ప్రత్యేకమైన చిక్కు, చాలామంది గమనించరు. సొంత రాష్ట్రంలోనే వస్తువులు అమ్మేవాళ్లకు ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షల టర్నోవర్ దాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కానీ పచ్చళ్లు రాష్ట్రం దాటితే ఈ పరిమితి వర్తించదు. మొదటి ప్యాకెట్ నుంచే రిజిస్ట్రేషన్ కావాలి. ఖమ్మంలో పట్టిన పచ్చడి విజయవాడ వెళ్లినా, కర్నూలు పొడి హైదరాబాద్ వెళ్లినా అంతే. వాట్సాప్‌లో అమ్మారా, వెబ్‌సైట్‌లో అమ్మారా అన్నదాంతో పనిలేదు.

చిన్న వ్యాపారాలకు జీఎస్టీలో ఉన్న కాంపోజిషన్ పద్ధతిలో ఒక శాతం పన్నుతో సరిపెట్టుకుందామంటే, దాంట్లో ఉన్నవాళ్లు వేరే రాష్ట్రానికి అమ్మకూడదు. 2023 అక్టోబరు 1 నుంచి ఒక వెసులుబాటు వచ్చింది. జీఎస్టీ లేని చిన్నవాళ్లు పాన్‌తో ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకుని, అమెజాన్ లాంటి వేదికల మీద సొంత రాష్ట్రంలోనే అమ్ముకోవచ్చు. అయితే ఏ వేదిక దాన్ని ఏ సరుకులకు అనుమతిస్తుందో ఖాతా తెరిచే ముందే అడగాలి.

పచ్చళ్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22న 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పన్ను కంటే రిటర్నులు వేయించడానికి అకౌంటెంట్‌కు ఇచ్చేదే చిన్నవాళ్లకు బరువు. నెలకు పది పన్నెండు వేల అమ్మకాల దగ్గర అది గట్టిగా తగులుతుంది. కాబట్టి మొదట సొంత రాష్ట్రంలో అమ్మి, సరుకు నిలదొక్కుకున్నాక రిజిస్ట్రేషన్ తీసుకోవడం తెలివైన పని.

అమెజాన్, ఫ్లిప్‌కార్ట్: కొనేవాళ్లు అక్కడున్నారు, మిగులు తక్కువ

ఇక్కడ నాలుగు కోతలుంటాయి: ధరలో శాతంగా తీసుకునే కమీషన్, ఆర్డర్‌కు ఇంత అని ఉండే ఫీజు, డెలివరీ చార్జీ, వీటన్నిటి మీద 18 శాతం జీఎస్టీ. రేట్లు మారుతూనే ఉంటాయి. 2025 ఏప్రిల్‌లో అమెజాన్ 300 రూపాయల లోపున్న చాలా రకాల సరుకుల మీద కమీషన్ ఎత్తేసింది. అయినా డెలివరీ చార్జీ ఎక్కడికీ పోదు. సెల్లర్ ఖాతాలో ఫీజులు లెక్కేసే పేజీ ఉంటుంది. సరుకు పెట్టే రోజున మీ ధర, మీ బరువు అందులో వేసి చూడండి.

ఉదాహరణకు, అరకిలో పచ్చడి ధర 350 అనుకుందాం. నూనె, కారం, గ్యాస్, కూలీ కలిపి తయారీ 150, ప్యాకింగ్ 30. వాట్సాప్‌లో కొరియర్ 90 కొనేవాళ్లే కడితే మీకు మిగిలేది 170. అమెజాన్‌లో ఫీజులన్నీ కలిపి 130 పడ్డాయనుకుంటే మిగిలేది 40. అమ్మకం మీద మీరు కట్టాల్సిన జీఎస్టీ, ఫీజుల మీద మీరు కట్టిన జీఎస్టీ దాదాపు ఒకదానికొకటి సరిపోతాయి కాబట్టి వాటిని పక్కన పెట్టాం.

ఇప్పుడు పది పార్సిళ్లలో ఒకటి కారిపోయిందనుకోండి. వాట్సాప్‌లో మీ ఖర్చుతో ఇంకొకటి పంపినా పదికీ కలిపి 1430 మిగులుతుంది. అమెజాన్‌లో తొమ్మిదింటి మీద వచ్చింది 360. పదోదానికి డబ్బు వాపసు ఇవ్వాలి. పచ్చడి, ప్యాకింగ్ 180, డెలివరీ చార్జీ ఓ 80 పోగా చివరికి చేతిలో 100 రూపాయలు. పది పచ్చళ్లకు వంద.

ఈ పోలికలో ఒకటి మరిచిపోకూడదు. వాట్సాప్‌లో కొన్నవాళ్లు మొత్తం 440 కట్టారు, అమెజాన్‌లో 350. మరి అక్కడా 440 పెడితే? ఫీజులు పది రూపాయలు పెరిగాయనుకున్నా 120 మిగులుతుంది. కానీ ఆ 440 పక్కనే పెద్ద కంపెనీ సీసా అందులో సగం ధరకు కనిపిస్తుంది. అందుకే అందరూ పట్టే మామిడికాయ పచ్చడి అక్కడ పెట్టొద్దు. పక్కన పోల్చడానికి ఇంకొకటి లేని సరుకు పెట్టండి. లేదా మూడు పొడుల పెట్టె ఒక్కటి పెట్టండి.

ప్రతి అమ్మకంలో 0.5 శాతం జీఎస్టీ కింద, 0.1 శాతం ఆదాయపు పన్ను కింద పట్టుకుంటారు. ఇవి పోయిన డబ్బులు కావు, రిటర్నుల్లో సర్దుకోవచ్చు. ఏడాది అమ్మకాలు 5 లక్షలు దాటని వ్యక్తులు పాన్ ఇస్తే రెండోది పట్టుకోరు.

నిల్వ గడువు కూడా చూసుకోవాలి. సరుకు చేరేనాటికి దాని గడువులో కనీసం 30 శాతం, లేదా ఇంకా 45 రోజులు మిగిలి ఉండాలని ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2024 నవంబరులో ఆన్‌లైన్ వేదికలకు చెప్పింది. రెండు నెలలే నిలిచే టమాటా పచ్చడిని ముందే పట్టి, వాళ్ల గోడౌన్‌కు పంపి అమ్ముడుపోయేదాకా చూడటం ఇందుకే కుదరదు. ఆర్డర్ వచ్చాక మీ ఇంటి నుంచే తీసుకెళ్లే పద్ధతి ఎంచుకోండి.

అన్నిటికంటే మాకు బాధ కలిగించేది, కొన్నవాళ్ల నంబరు మీ చేతికి రాకపోవడం. మీ ఉసిరి తొక్కు వాళ్లకు నచ్చినా, మళ్లీ కొనేటప్పుడు వెతికితే మరో పది కనిపిస్తాయి. ఆ వేదికను కొత్తవాళ్ల కంట పడే షోకేసుగానే చూడండి, ఇల్లు దాని మీద కట్టుకోవద్దు.

సొంత వెబ్‌సైట్: ఆర్డర్లు ఉంటేనే చవక

రెడీమేడ్ దుకాణం ఇచ్చే సేవలకు నెల అద్దె, డబ్బు తీసుకునే గేట్‌వేకు సాధారణంగా 2 శాతం, దాని మీద జీఎస్టీ. 440 రూపాయల ఆర్డర్‌కు గేట్‌వే దాదాపు 10 తీసుకుంటుంది. నెల అద్దె 1500 అనుకుంటే, నెలకు 30 ఆర్డర్లున్నవాళ్లకు ఒక్కోదాని మీద 50 పడుతుంది, మిగిలేది 110. నెలకు 150 ఆర్డర్లుంటే పడేది 10, మిగిలేది 150. చిరునామా కొనేవాళ్లే నింపుతారు, ట్రాకింగ్ మెసేజ్ దానంతట అదే వెళ్తుంది. వాట్సాప్‌తో పోలిస్తే ఆర్డర్‌కు 20 రూపాయలు తగ్గినా, రోజుకు రెండు మూడు గంటల పని తప్పుతుంది.

వెబ్‌సైట్ పెట్టగానే జనం రారు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో ప్రకటన వేస్తే ఒక్క ఆర్డర్ రావడానికి 150 ఖర్చయిందనుకోండి, మొదటి ఆర్డర్ మీద మీకు మిగిలేది సున్నా. వాళ్లు రెండోసారి కొంటేనే లాభం. అందుకే వాట్సాప్‌లో వందమంది కొంటే వాళ్లలో ఎంతమంది మళ్లీ కొన్నారో ముందు లెక్క చూడండి. ముప్పైమందైనా లేకపోతే లోపం వెబ్‌సైట్ లేకపోవడంలో లేదు, రుచిలోనో ప్యాకింగ్‌లోనో ఉంది.

2021 చివర్లో కేంద్రం చొరవతో మొదలైన ఓఎన్‌డీసీ కూడా ఉంది. ఒక యాప్‌లో సరుకు పెడితే వేరే యాప్‌లలో కొనేవాళ్లకూ కనిపిస్తుంది. పెట్టి చూడొచ్చు, కానీ దాన్నే నమ్ముకుని సరుకు పట్టొద్దు.

నూనె ఎందుకు కారుతుంది

పౌచ్ నాసిరకం కావడం వల్ల కారేది తక్కువ. ఎక్కువసార్లు తప్పు సీల్ దగ్గరే జరుగుతుంది. పచ్చడి నింపేటప్పుడు మూతి లోపలి అంచుకు నూనె అంటుకుంటుంది. దాని మీదే వేడి పట్టీ నొక్కితే రెండు పొరల మధ్య నూనె చిక్కుకుని ప్లాస్టిక్ అతకదు. చూడ్డానికి అతికినట్టే ఉంటుంది, వ్యాన్‌లో బరువు పడగానే విచ్చుకుంటుంది. వెడల్పు మూతి గరాటు అంచులోపలి దాకా దించి నింపండి. పొడిబట్టతో లోపలి అంచు తుడవండి. సెంటీమీటరు ఎడంతో రెండు సీళ్లు వేయండి. పౌచ్ పైన పావు వంతు ఖాళీ వదలండి.

రెండో కారణం తొందర. కొత్తగా కలిపిన పచ్చడి మూడు నాలుగు రోజులు ఊటలూరుతుంది, గాలి కూడా పుడుతుంది. కలిపిన రోజే ప్యాక్ చేస్తే ఎండాకాలం వ్యాన్‌లో పౌచ్ బుడగలా ఉబ్బుతుంది. తిరగకలిపి, ముక్క ఊరి, నూనె పైకి తేలాకే నింపాలి. పోపు పెట్టిన పచ్చళ్లు పూర్తిగా చల్లారాలి. లేకపోతే లోపల ఆవిరి నీరై బూజు పడుతుంది.

పరీక్ష తేలిక. నింపిన పౌచ్‌ను పాత పేపరు మీద పడుకోబెట్టి, పైన ఐదు కిలోల బియ్యం సంచి పెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున పేపరు మీద గోరంత నూనె మరక కనిపించినా ఆ పద్ధతిలో పంపొద్దు. తర్వాత పెట్టెలో సర్ది, నడుం ఎత్తు నుంచి నాలుగు మూలల మీదా పడేసి చూడండి. గాజు సీసాలు దుకాణానికి అందమే కానీ కొరియర్‌కు పనికిరావు. బరువు పెంచుతాయి, పగిలితే పక్క పార్సిళ్లనూ పాడుచేస్తాయి.

లేబుల్ మీద సరుకు పేరు, వాడినవన్నీ, నికర బరువు, తయారైన తేదీ, బ్యాచ్ నంబరు, ఎప్పటిలోగా వాడాలో, ఎంఆర్‌పీ, శాకాహార గుర్తు, మీ చిరునామా, ఫోన్, 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు ఉండాలి. ఇంట్లో చేసి అమ్మినా ఆ నంబరు తప్పనిసరి, ఆ సంస్థ నడిపే ఫోస్కోస్ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టాలి. మునగాకు పొడి మీద "షుగర్ తగ్గిస్తుంది" అని రాయొద్దు. తినే సరుకు జబ్బు నయం చేస్తుందని చెప్పుకోవడం చట్టం ఒప్పుకోదు.

మరి మీకు ఏది?

నెలకు 50 ఆర్డర్ల లోపు, కొనేవాళ్లు సొంత రాష్ట్రంలోనే ఉంటే వాట్సాప్ చాలు, మిగతావన్నీ వాయిదా వేయండి. జీఎస్టీ ఉండి, ఎక్కడా దొరకని పొడి ఒకటి చేతిలో ఉంటే దాన్ని అమెజాన్‌లో పెట్టండి. నెలకు 150 దాటి, సగంమంది పాతవాళ్లే అయితే వెబ్‌సైట్. బెంగళూరు, చెన్నైలలోని తెలుగువాళ్లే మీ కొనుగోలుదారులైతే ముందు జీఎస్టీ, తర్వాతే వాట్సాప్ ప్రచారం. అమెరికాకు వ్యాపారంగా పంపాలంటే ఎగుమతి కోడ్, అక్కడి ఆహార నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దగ్గర నమోదు కావాలి. ఆ పత్రాలున్న ఎగుమతిదారుకు సరుకు ఇవ్వడమే చిన్నవాళ్లకు దారి.

ఆవకాయ కాలంలో మాత్రం ఎంత పెద్దవాళ్లయినా వాట్సాప్‌నే ముందు పెట్టుకోవాలి. మార్చి నెలాఖరులో పాతవాళ్లందరికీ కబురు పెట్టి, సగం డబ్బు ముందే తీసుకుని ఆర్డర్లు రాసుకోండి. కిలో ముక్కలకు కారం, ఆవపిండి, ఉప్పు తలా పావుకిలో, నూనె 300 గ్రాములు పడితే రెండు కిలోల పచ్చడి అవుతుంది. 50 కిలోల ఆర్డర్లుంటే 25 కిలోల ముక్కలు కావాలని లెక్క తేలుతుంది. కాయ, నూనె, కారం వాళ్లిచ్చిన డబ్బుతోనే కొనొచ్చు. మే రెండో వారంలో కలిపితే, మూడో రోజు తిరగకలిపి, ముక్క ఊరనిచ్చి, జూన్ మొదటి వారంలో పార్సిళ్లు పంపొచ్చు. ఒక్క కిలో కూడా అమ్ముడుపోకుండా జాడీలో మిగలదు.